తరాసుకల్ సందు

అక్షరానికి నలభై, దొరసానమ్మా.
మీ ఇంటిపేరు పొడుగు. రాయి చిన్నది.

పెరంబూరు లోకో షెడ్డులో వీళ్ల తాత ఫిట్టరు.
నోరు తిరగని కలాసీలు
త్రస్‌గిల్‌ని తరాసుకల్ చేశారు.
రేషన్ కార్డులో అదే, కరెంటు బిల్లులో అదే,
చివరికి సందు మొగన నీలం బోర్డు మీదా అదే.
టీ కొట్టువాడు ఒట్టేసి చెబుతాడు:
వెనకటికి తూకపురాళ్లు అమ్మిన వీధట.

ఆవిడ నవ్వింది. కట్టుడు పళ్లు.
"అది ఓ వాగు పేరు, చెంచయ్యా.
చలిదేశంలో, పిట్టలు నీళ్లు తాగే వాగు.
నేను చూడలేదు. నాన్నా చూడలేదు."

నేనూ చూడలేదు మా ఏటుకూరు.
ఉలి సంచీతో ముత్తాత మద్రాసులో దిగినప్పుడు
వెంట వచ్చింది ఊరి పేరొక్కటే.

ఆ వాగు పక్క ఇప్పుడా పేరుగలవాళ్లు లేరట,
ఉత్తరం రాసి కనుక్కుంది.
ఇక్కడ ఈవిడే.
ఈవిడ తరవాత, బోర్డు.

కళ్లజోడు తీసి చీరకొంగు లేదు గనక
గౌను అంచుతో తుడుచుకుంది.
"బోర్డులో ఉన్నట్టే చెక్కు.
నా ఉత్తరాలు దానికే వస్తాయి."

ఇంగ్లీషులో ఒకక్షరం ఎక్కువవుద్దమ్మా.

సంచీ బోర్లించి
ఇంకో నలభై లెక్కపెట్టింది,
చిల్లర నాణేలతో.