ఆఖరి ఎపిసోడ్‌ల ఆ పిల్ల నవ్విందా

సుబేదారి హాస్టల్, మూడో అంతస్తు.
మంచాల నడుమ బోర్లించిన ఇనుప పెట్టె,
దాని మీద ఆఫ్రీన్ ఫోను,
ఫోను అద్దం మీద
కాజీపేట జంక్షన్ల పట్టాల లెక్క
చీలిపోయిన పగుళ్ళు.

ఆ పగుళ్ళ ఎనక
రెండేండ్లు మేం చూసిన బొమ్మల పిల్ల, వెర్నా.
బూడిద రంగు చొక్కా, సగం మూసిన కండ్లు,
లోకం ఏం జెప్పినా "అట్లనా" అనే పెదివి.

ఆమెను చూసే మేం
ర్యాంకుల ఫ్లెక్సీ ముంగట ఆవులించుడు నేర్చుకున్నం.
"మీరే రేపటి వెలుగులు" అని ప్రిన్సిపాల్ సారంటే
"కరెంటు బిల్లు ఎవరు కడ్తరు సార్" అని
నోట్సు ఆఖరి పేజీల రాసి
బెంచీల కింద చేతులు మార్చుకున్నం.

ఆఖరి ఎపిసోడ్ ఇరవై రెండు నిమిషాలు.
బడి అయిపోయింది. అందరు టోపీలు ఎగరేసిన్రు.
వెర్నా ఎగరెయ్యలే.
ఎవరో పారబోసిన పేలాలు ఆ టోపీల ఏరుకొని
పావురాలకు ఏసింది.
ఇంటికి పోయింది. వంటింట్ల తల్లి ఎదురుంగ కూసున్నది.
పెదివి కొసకు ఒక గీత,
చీమ కాలంత,
పైకి లేసిందో,
మా అద్దం పగులే అట్ల కనవడ్డదో,
తెర నల్లగయింది.

సౌజన్య దుప్పటి ఇసిరి కొట్టింది.
"మోసం! నవ్విచ్చిన్రు. ఇగ ఆమె గూడ అందరి లెక్కనే."

ఫాతిమానగర్ క్రిస్టీనా మెల్లగ అన్నది:
"ఆమె నవ్వలే. నవ్వు వచ్చి గడపల నిలవడ్డది.
ఆమె లోపలికి రమ్మనలే, పొమ్మనలే."

తేజావత్ నవ్య లెక్కల మనిషి.
పదకొండు సార్లు ఎనకకు జరిపింది,
పెన్సిల్ ఆనిచ్చి కొలిచింది.
"రెండు డిగ్రీలు. రెండు డిగ్రీలను నవ్వు అనరు."

ఆఫ్రీన్‌ది ఏరే బాధ.
వాళ్ళ అబ్బా డీజిల్ షెడ్డుల ఫిట్టరు,
దేనికైనా టైం అడుగుతది ఆ పిల్ల.
"ఎటు పోతదో చెప్పకపాయె!
ముగింపంటే ఊరి పేరుండాలె,
ప్లాట్‌ఫారం నంబరుండాలె."

నేను ఒక కనుబొమ్మ లేపి
"అయిపోయింది గదా, ఏడ్వుండ్రి" అన్న.
అచ్చం వెర్నా లెక్కనే అన్ననుకున్న.
ఎవ్వలు నవ్వలే.

చాయ్ గిలాసలు ఏరుకపోను వచ్చిన ఓదెమ్మ
తలుపు కాడ నిలవడ్డది.
రెండేండ్ల సంది మా భుజాల మీదికెళ్ళి చూసింది,
ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుంట.

"మీరంత మూతినే సూత్తిరి బిడ్డా.
ఎన్నడు సూసినా ఆ పొల్ల పళ్ళెంల కెలుకుడే.
ఇయ్యాల తిన్నది.
తల్లి ఇంతేత్తె, మల్లింత ఏయించుకున్నది."

నవ్య పన్నెండోసారి ఎనకకు జరిపింది.
నిజమే. పళ్ళెం ఖాళీ.
నడుమ ఒక గుండ్రటి మరక,
ఎవడో బొమ్మలాయన ఓపికతోని గీసింది.

సౌజన్య ఒప్పుకోలే.
"బొమ్మ తింటే ఏంది, తినకుంటే ఏంది ఓదెమ్మక్కా?"
"మరి నవ్వితే ఏంది?" అని
గిలాసలు గలగలలాడంగ మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి నిద్ర రాలే నాకు.
మెస్సు పప్పు మీద నేను కట్టిన జోకులు
ఒక్కొక్కటే యాదికొచ్చినయి.
"పప్పు ఈత నేర్చుకుంటుంది" అన్న రోజు
వడ్డించే కిటికీ తెరిచే ఉండె.

తెల్లారి ఉప్మా. మాడింది.
బాగున్నదని అబద్ధం నా నోటికి రాలే.
పళ్ళెం జాపి "ఇంకింత" అన్న.
ఓదెమ్మ నా మొకం దిక్కు చూడలే,
గంటె నిండ తీసింది.

సౌజన్య ఇప్పటికీ మోసమే అంటది.
ఆ ఎండకాలం ఆఫ్రీన్
హన్మకొండ చౌరస్తల అద్దం మార్పిచ్చింది.
ఒక్క పగులు లేదు, నీళ్ళ లెక్క ఉన్నది.
ఇప్పుడు చూస్తే తెలుస్తది, గీతనా, పగులా అని.
ఫోను చేతుల పట్టుకొని నలుగురం
చానాసేపు కూసున్నం.
ఎవ్వలం పెట్టలే.