నూగుకి ఎదురు

కరెంటు పోయింది కాబట్టి వినబడింది.
మిషను మోటారు తిరుగుతూనే ఉంటే
ఆ చప్పుడు నా చెవిదాకా వచ్చేది కాదు.

మల్కాపురం అంతా ఒక్కసారి గమ్మున ఉంది,
ఫ్యాన్లు, టీవీలు, పక్కింటి మిక్సీ.
సగం కుట్టిన జాకెట్టు చంకలో సూది ఆగిపోయింది.
అప్పుడు అటక కింది పంజరంలోంచి
గర్ గర్ గర్. ఆగి, మళ్ళీ.
ఎవరో ఓపిగ్గా చీర ఫాలు విప్పుతున్నట్టు.

నేవీ వాళ్ళ పిల్ల ద్యుతి, కొచ్చికి బదిలీ అయినప్పుడు
"నాలుగు రోజులే ఆంటీ" అని వదిలి వెళ్ళిన గినీ పిగ్గులు.
ఆ నాలుగు రోజులకి ఇది పదకొండో నెల.
ఆ పిల్ల పెట్టిన పేర్లు నాకు నోరు తిరగక
జీడిపిక్క అన్నాను, మరమరం అన్నాను.

ముప్పై ఏళ్ళుగా బట్టని వేళ్ళతో చదివే మనిషిని.
వెల్వెట్టు ఎటు నిమిరితే మెరుస్తుందో
ఎటు నిమిరితే నల్లబడుతుందో
కళ్ళు మూసుకుని చెప్తాను.
జీడిపిక్కని ఒళ్ళో పెట్టుకుని నూగుకి ఎదురు నిమిరాను.
చెవి వెనక నుంచి భుజం మీదికి
వేలు జారిపోయింది. అక్కడ బట్ట లేదు.
అస్తరు బయటపడ్డట్టు గులాబీ రంగు చర్మం,
ఉప్పుగాలికి గోడ సున్నం రాలినట్టు పొట్టు.
కాస్త నొక్కానో లేదో
కీచుమంది, కాళ్ళు కొట్టుకుంది, బిగుసుకుపోయింది.
పది లెక్కపెట్టేదాకా
అది ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలీదు.

బొచ్చు మారుస్తోందనుకున్నాను మొన్న.
మొన్న కాదు. అబద్ధమెందుకు, పన్నెండు రోజుల కిందట.
చేటలో వెంట్రుకలు చూసి కూడా
పెళ్ళి ఆర్డర్లున్నాయని విదిల్చేశాను.

ఎదురింటి సన్యాసమ్మ వేపనూనె అంది.
గౌరునాయుడు తన కుక్కకి చల్లే పొడి డబ్బా తెచ్చాడు,
"ఏటవుద్ది, పిసరంత సల్లు" అని.
మూత తీశాను కూడా.
డబ్బా మీద బొమ్మ అల్సేషియనుది.
నా ఒళ్ళో ఉన్నది దాని మూతంత లేదు.
మూత పెట్టేశాను.

కూరగాయల బుట్టలో పాత లుంగీ పరిచి, రెండిటినీ ఆటోలో.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల దుమ్ముకి
బుట్ట మీద కొంగు కప్పాను.

డాక్టరు షకీలా, నా కూతురి వయసుంటుంది,
బ్లేడుతో చర్మం మెల్లగా గీకి
గాజుపలక మీద పెట్టి, పక్కకి జరిగింది, చూడమని.
ఒక కన్ను మూసి చూడడం నాకు
సూదిలో దారం ఎక్కించేటప్పుడే అలవాటు.
గుండ్రంగా, పొట్టికాళ్ళతో, కదిలింది.
మైట్ అంది ఆమె. గజ్జిపురుగన్నమాట,
చర్మం లోపల సొరంగాలు తవ్వుకునేది.
వేపనూనె, కుక్కపొడి సంగతి చెప్పాను.
"కొలతలు తీసుకోకుండా మీరు జాకెట్టు కోస్తారా?" అంది.
తూచింది. ఏడువందల పన్నెండు గ్రాములు.
అంత బరువుకి ఎంతో, అన్నే చుక్కలు.
బాగానే ఉన్న మరమరానికి కూడా వేసింది.
రెండు వారాలకోసారి, మూడుసార్లు.
"ఇంకా ఆలస్యమై ఉంటే, ఆ బిగుసుకోవడం..." అని ఆపింది.
మిగతాది ఆటోలో నేనే పూర్తి చేసుకున్నాను.

గుడ్డలన్నీ మరగబెట్టాను. పాత గడ్డి పారేశాను.
పంజరం కడిగి డాబా మీద ఎండలో పెట్టాను.
జామకాయ చీలికలు, కొత్తిమీర.
నా చేతులు కూడా మోచేతుల దాకా వెతుక్కున్నాను.

రెండో మోతాదు తర్వాత నూగొచ్చింది,
ఎటు పడుకోవాలో ఇంకా తేల్చుకోని నూగు.

ఇప్పుడు రోజూ నాలుగింటికి మోటారు ఆపుతున్నాను.
జాకెట్టు కోసం కూర్చున్నావిడ ఫ్యాను వైపు చూసి
"అదేటక్కా, కరెంటుంది కదా" అంటుంది.
"ఉంది. కాసేపు మాటాడకు" అంటాను.
పంజరంలో గడ్డి నములుతున్న చప్పుడు, రెండు నోళ్ళది.