గొలుసు ఆ కొస

నేను గొలుసు పట్టినోణ్ణి.
సర్వేయరు సారు పుస్తకం కాడ, గొలుసు ఆ కొసన నేను,
పత్తికొండ తాలూకాలో ముప్పై ఒక్క ఏండ్లు.

ఎర్రగుడి గుండ్ల మీద కూర్చొని
జొన్నరొట్టె, ఊరుబిండి తినేవాళ్లం.
ఆ గుండ్ల నిండా గీతలు, చీమలబారుల మాదిరి.
కొట్లాడి గెలిచి,
గెలిచినందుకు ఏడ్చిన రాజెవరో చెక్కించినాడంట.
నాకు తెలిసిన రాత హద్దురాయి మీది నంబరొకటే.

మద్దిలేటి చేను, ఉరుకుందప్ప చేను. నడుమ గట్టు.
నడి ఎండలో కొలిస్తే ఇనుము సాగింది,
గట్టు బెత్తెడు అవతలికి జరిగింది.
పుష్యమాసం చలిలో మళ్ల కొలిస్తే
ఇనుము ముడుచుకుంది,
బెత్తెడు ఇవతలికి వచ్చింది.
ఇద్దరి చేతుల్లోనూ సర్కారు కాయితం.
ఇద్దరిదీ నిజమే.

ఇనుము సాగుతాదని నాకు తెలుసు.
చెప్పలేదు.
గొలుసు పట్టినోని మాట కొలతలోకి రాదు.

బెత్తెడులో ఏం పండుతుందప్పా?
ఒక సాలు శెనక్కాయ పట్టదు.
మద్దిలేటి మిద్దె మీద రాళ్లు పోసినాడు,
ఉరుకుందప్ప పోస్తాడేమోనని.
ఉరుకుందప్ప పోసినాడు, మద్దిలేటి పోసినాడని.
ఎవురు ముందో నన్నడగొద్దు.
భయం ఏ కొస పట్టి లాగినా
రెండో కొసన ఇంకో భయం వేలాడతా వస్తుంది.

రెండు పీనుగులు లేచినాయి.
సుంకన్నకు పెండ్లి కుదిరి పదకొండు దినాలు.

లాఠీలు దిగినాయి. బస్సు మళ్ల తిరిగింది.
ఊరు శాంతించిందని రాసుకొని పోయినారు.
రాళ్లు మాత్రం మిద్దెల మీదే.
రాత్రిళ్లు నిద్ర పట్టక లెక్కపెట్టేవాణ్ణి,
ఒక్కటీ తగ్గలేదు.

రెండో ఏడు ముసురులో
మద్దిలేటి పెండ్లాం నాగేశమ్మ
గంపెడు గంపెడుగా ఆ రాళ్లు దించి
కొట్టానికి గోడ పెట్టుకుంది.
మొగుణ్ణి అడగలేదు. దూడ తడుస్తాందంట.
అవతలి మిద్దె మీద నుంచి చూస్తానే ఉన్నారు.
మూడు రాత్రులు నాకు గొంతు తడారిపోయింది.
ఏమీ జరగలేదు.
ఆ ఏమీ జరగకపోవడం ఎంత బరువో
ఏ గొలుసుతో కొల్చాలో తెలీలేదు.
నాలుగో పొద్దు ఉరుకుందప్ప తల్లి కూడా
ఒక రాయి దించింది. ఒక్కటే,
గుడ్డలుతుక్కునేదానికి.

మిగతావి ఇంకా పైనే ఉన్నాయి. అబద్ధమెందుకు.

గట్టు ఇప్పటికీ వంకరే.
ఆ బెత్తెడు ఎవురూ దున్నరు, తంగేడు మొలిచింది.
పనిబడి పోయినప్పుడల్లా దాని మీదే నడుస్తా.
రెండు పాదాలు పక్కపక్కన పట్టవు,
ఒకదాని ముందర ఒకటి పెట్టాల,
మెల్లగా.