జీవితకాల సభ్యుడు

మైనస్ ఇరవై రెండు.
పికప్ అద్దం మీద మంచు పెచ్చు కట్టింది.
గోకే పలక ఎక్కడ పారేశానో,
పర్సులోంచి జీవితకాల సభ్యత్వ కార్డు తీశాను.
బంగారు అంచు, రెక్కలు విప్పిన డేగ,
దాని గోళ్ల కింద నా పేరు, ఆర్విడ్ ట్వైట్.
పర్వాలేదు, బాగానే గోకుతోంది.

దీనికోసం ఆ ఏడు
అరిగిన టైర్లతోనే బీట్‌దుంపల పొలం దున్నాను.
సోల్వైగ్ ఏమీ అనలేదు.
చలికోటుకు కొత్త బొత్తాలు కుట్టుకుని
కొత్త కోటే అనుకుంది.

నెలనెలా ఉత్తరం వచ్చేది, ఎర్ర సిరాతో:
ఇదే ఆఖరి యుద్ధం, ఇప్పుడు గనక మీరు పంపకపోతే
మీ తాత తుపాకి మీ మనవడికి అందదు.
ఏడాదికి పన్నెండు ఆఖరి యుద్ధాలు.
పన్నెండింటికీ పంపాను.
స్టాంపు అక్కర్లేని కవరు వాళ్లే పెట్టేవారు,
అదొక మర్యాద.

మొన్న మంగళవారం, మాజీ సైనికుల హాలు కింది గదిలో
కోర్టుకెక్కిన లెక్కల కాగితాలు లెవీ ఆజూర్ చదివాడు.
కయోటీలకు ఉచ్చులు పెట్టే మనిషి,
మంచు మీద ఏ అడుగు ఎటు పోయిందో చెప్పగలడు.
ఈ డబ్బు జాడ మాత్రం
నాలుగో పేజీలో, మూడు కంపెనీల పేర్ల మధ్య చెరిగిపోయింది.
దొరికినంత చదివాడు:
ఆఫీసు గుమ్మంలో ఆర్కిడ్ పూలకు నెలకు నాలుగు వేలు.
స్కాట్లండులో వేట, మనుషులు ఆరుగురు, పక్షులు రెండు.
పెద్దాయన కుక్కకు పళ్లు తోమించిన ఖర్చు,
సభ్యుల సంక్షేమం పద్దు కింద.

ఎవరో నవ్వారు.
ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.
డెలోరిస్ గుట్‌ష్మిట్ అక్కడే కూర్చుని ఉంది,
ఒళ్లో కాఫీ డబ్బా.
సిగరెట్లు మానేసి రైన్‌హోల్ట్ మిగిల్చిన చిల్లర,
పోయేదాకా వేస్తూనే ఉన్నాడు, సంఘానికని.
"నూట అరవై మూడు డాలర్లుంది" అంది.
"ఎవరికివ్వను?"
హీటరు ఒక్కటే టకటకలాడింది.

కిందటేడు మేం అడిగింది ఆరు వందలు,
తుపాకి నేర్చుకునే పిల్లల చెవులకు మూతలు కొనడానికి.
జవాబుగా యాభై స్టిక్కర్లొచ్చాయి.
మూతలన్నీ పెద్దాయన చెవులకే సరిపోయాయి కాబోలు.

మహాసభకీ వెళ్లాను, పదకొండు గంటలు నడుపుకుని.
మూడో నంబరు మైకు ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను,
చేతిలో ఒకే ఒక్క ప్రశ్న, మడతల దగ్గర చిరుగుతూ.
"అధ్యక్షా" అన్నాను.
మైకు చచ్చింది. బ్యాండు మొదలైంది.
అందరూ లేచి గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.
నేనూ పెట్టుకున్నాను, అలవాటు.
అరచేతి కింద కాగితం నలిగింది.

బయట సిల్కు టై కుర్రాడొకడు భుజం మీద చెయ్యేశాడు.
శత్రువులు వింటున్నారు పెద్దాయనా,
ఇంటిగుట్టు లంకకు చేటు.
లంకకు చేటు తెచ్చింది గుట్టొక్కటేనా, నాయనా?
ఈ మాట నాకు తట్టేసరికి
మూడు వందల మైళ్లు వచ్చేశాను.

వింటున్న మాట నిజమే.
మినియాపొలిస్ నుంచి మేనకోడలు ఫోన్ చేసి
"చెప్పానా మామయ్యా" అని నవ్వింది.
తుపాకుల సంగతిలో దానితో ఇప్పటికీ ఒప్పుకోను.
ఆ నవ్వుతో మాత్రం వాదించలేకపోయాను.

నలభై ఏళ్లలో దుప్పి మీద, బాతు మీద
నా గురి తప్పింది తక్కువ.
మనుషుల మీద పెట్టుకున్న గురే.

అద్దం మీద అరచెయ్యంత మేర తేటపడింది.
కార్డు అంచున బంగారం లేచిపోయింది,
నా పేరులో రెండక్షరాలు కూడా.
ఆ సందులోంచి చూసుకుంటూ రేంజికి పోనిచ్చాను.

లెవీ మనవరాలు జోసెట్, పదమూడేళ్లు, మొదటి రోజు.
డెలోరిస్ డబ్బా డబ్బుతో కొన్న నారింజరంగు చెవిమూతలు
ఆ పిల్ల తలకు కాస్త వదులు.
"గురి ఎక్కడ పెట్టాలి?"
మూతలు పెట్టుకున్నవాళ్లు అరిచినట్టే అరిచింది.
వెంటనే నోరు రాలేదు నాకు.
"ముందు ఊపిరి వదులు" అన్నాను.
వినపడలేదు తనకి.
ఒక మూత కొంచెం పక్కకు జరిపి
మళ్లీ చెప్పాను.