వదులు చెయ్యి, వదలకు

హీలోలో మంగళవారాలే వాన ఎక్కువనిపిస్తుంది,
నా క్లాసు మంగళవారం కాబట్టి కావచ్చు.
ఆస్పత్రి లాండ్రీలో షిఫ్టు దిగి
బ్లీచింగ్ వాసన చేతులతోనే వెళతాను
వెండెల్ అంకుల్ టైర్ల షాపు వెనక గదికి.
నలుగురం. మూడు కుర్చీలు, ఒక లారీ టైరు.
ఆలస్యంగా వచ్చినవాళ్ళది టైరు. అంటే నాది.

ఆర్నెల్లు తేలిక కార్డులే వాయించాను.
సి అంటే ఒక్క వేలు,
కింది తీగ మీద, మూడో మెట్టున.
మిగతా మూడు తీగలూ వాటంతటవే మోగేవి,
అద్దె కట్టక్కర్లేని ఇంట్లో ఉన్నట్టు.

ఈ నెల ఆయన ఆ తేలిక లాగేసుకున్నాడు.
చూపుడువేలు పడుకోబెట్టమన్నాడు
కింది రెండు తీగల మీద, మొదటి మెట్టున.
నడిమి వేలు రెండులో.
ఉంగరం వేలు మూడులో, పై తీగ మీద.
"గోడెక్కే పిల్లిలా ఉండాలి చెయ్యి."

నాది పిల్లిలా లేదు.
మడత పడనని మొరాయించే తడిగొడుగులా ఉంది.
డబ్. డబ్.
మిత్సుఎ గారికి ఎనభై ఒకటి, ఆర్కిడ్ల నర్సరీ ఆమెది,
ఆమెకు రెండో రోజే పలికింది.
మర్యాదకి నా వైపు చూడలేదు.

వారమంతా దుప్పట్ల బండి పిడి మీద అదే పట్టు.
"చెయ్యి కొంకర్లు పోయిందా, కోరీ?" అంది సూపర్‌వైజరు డార్లీన్.
"లేదు, బీ ఫ్లాట్" అన్నాను.
ఆ రోజు నాకు డ్రయ్యర్ల వైపు డ్యూటీ వేసింది.

అది పలికిన రాత్రి
రెండు మెట్లు జరిపాను.
వేళ్ళ వరస అదే. పేరు మారింది.
సి!
నాకు తెలిసిన సి-యే,
ఇంకో వీధిలో కాపురం పెట్టి
గొంతు కాస్త బిగించి పలకరించింది.

ఇంకో రెండు మెట్లు పైకి, డి కోసం.
అక్కడే చిక్కు.
గట్టిగా పట్టుకుంటే తీగ కీచుమంటుంది,
వదిలేస్తే వేళ్ళు చెట్టుకొకటి పుట్టకొకటి.
అంకుల్ నా మణికట్టు కింద ఒక్క వేలు పెట్టాడు.
"వదులు చెయ్యి. వదలకు."
మళ్ళీ జరిపాను.
"వదులు అన్నాను. వదలమన్నానా?"

తర్వాత మెడ చివరి ఎముక ముక్క చూపించాడు.
ఖాళీ తీగలన్నీ దాని దయ.
దాన్ని దాటి పైకి వచ్చాక
ఆ పని నీ చూపుడువేలిది.
"నీ వేల్లో ఉన్నదీ ఎముకే కదా."

పాహోవా దిగువన ఆయన ఇల్లు లావా కిందికి పోయిందని
ఆయనెప్పుడూ అనలేదు.
గొడుగు దులుపుతూ మిత్సుఎ గారు చెప్పింది.
ఆ రాత్రి బండిలోకి ఎక్కినవి:
కుక్క, జాకీ, ఈ యూకలేలీ, సగం సంచీ బియ్యం.
ఇప్పుడు షాపు మేడ మీద గది.
పొద్దున లేవగానే కిటికీలు పాత వరసలోనే తీస్తాడట.
ముందు తూర్పుది, తర్వాత వంటింటిది.
మూడోది ఈ ఇంట్లో లేదు.
అయినా ఆ గోడ దగ్గర
ఓ క్షణం ఆగుతాడట.

పొద్దున్నే అన్నీ ఆమెకెలా తెలుసని
మేమెవరం అడగలేదు.

పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి.
ఆకారం అదే,
ఇరుకు బల్ల మీద చుట్టాల్లా వేళ్ళే ఒదగాలి.
ఈ రాత్రి డి వచ్చింది, మూడొంతులు.
కింది తీగ ఇంకా మూగ.
చూపుడువేలి కణుపు గీత దగ్గర చిన్న గుంట ఉంది,
తీగ సరిగ్గా అందులో పడుకుని నిద్రపోతోంది.

వాన ఆగలేదు. ఆఖరి బస్సు పోయింది.
వేలు
ఒక బియ్యపు గింజంత
కిందికి జరిపి చూస్తాను.