గురువారం నీళ్లు

మొగదోరు కోర్టులో నా పని కుట్టడం.
పెద్ద సూది, మైనం రాసిన దారం,
బొటనవేలికి ఇత్తడి తొడుగు.
దావాలో పడ్డ ప్రతి కాగితాన్నీ
ఎడమ అంచున పొడిచి కట్టకి కలుపుతాను.
జడ్జీలు బదిలీ అవుతారు. సూది ఉంటుంది.

దెయోలిందా దావా మొదట నాలుగు కాగితాలు.
కొండ మీది ఊట నీరు గురువారం రాత్రి తనదని,
చర్చి గంట తొమ్మిది కొట్టింది మొదలు
కోడి కూసేదాకా
తన క్యాబేజీ మళ్లకి పారాలని,
గ్వాల్తెర్ కాలవకి రాయి అడ్డం పెట్టాడని.

గ్వాల్తెర్ జవాబు మూడు కాగితాలు:
ఎవరి కోడి?
ఆవిడ కోడి బద్ధకపుది,
ఎండెక్కితే గానీ నోరు తెరవదు.

నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే కుట్టాను.

ఆ ఏడు జడ్జిగారు ఊట చూస్తానన్నారు.
పట్నపు బూట్లతో గట్టెక్కారు,
వెనక నేను, సిరా బుడ్డితో.
ఆయన వంగి చెయ్యి ముంచి
"అబ్బ, ఎంత చల్లగా ఉంది" అన్నారు.
ఆ మాట నేను రాయలేదు.
అది సాక్ష్యం కాదనుకున్నాను.

దెయోలిందా గెలిచింది.
అప్పీలు గడువు ఆఖరి రోజు
తలుపు వేసే వేళకి
టోపీ చేతిలో పట్టుకుని గ్వాల్తెర్ వచ్చాడు.
స్టాంపులు నాలికతో తడిపి తనే అంటించాడు.

కట్ట గోనెసంచిలో పోర్టో వెళ్లింది.
అక్కడ ముగ్గురు జడ్జీలు.
ఎవరినీ పిలవరు.
సాక్షి నీళ్లు నమలడం,
అబద్ధం దగ్గర ముసలి పాద్రీ దగ్గడం
అక్కడిదాకా పోవు.
నేను కుట్టిందే పోతుంది.
"ఈ ఆచారం ఎన్నేళ్లదో కింది కోర్టు తేల్చలేదు" అన్నారు,
తీర్పు కొట్టేశారు.

ఈసారి గడువు ఆఖరి రోజున దెయోలిందా,
గుడ్లమ్మిన డబ్బు రుమాల్లో మూటగట్టి.

లిస్బన్‌లో నీళ్ల మాటే రాలేదు.
కోడి మాట అసలే రాలేదు.
తేల్చలేదన్నవాళ్లు కొట్టెయ్యడమేమిటి,
తేల్చమని వెనక్కి పంపాలి గాని,
అన్నది అక్కడి వాదన.
రెండేళ్లకి ఔనన్నారు.
మళ్లీ మొదటి నుంచి వినమన్నారు.

ఆరేళ్ల తర్వాత కట్ట నా బల్ల మీదికి వచ్చింది.
నాలుగు వందల పన్నెండు కాగితాలు.
దారం రంగు వేరు.
లిస్బన్‌లో ఎవరో నా కుట్టు విప్పి
మళ్లీ కుట్టారు, నీలం దారంతో,
నాకన్నా సన్నగా.
ఆ చేతిని ఎన్నడూ చూడను.
వేలితో మాత్రం తడిమాను.

వాయిదా రోజు ఇద్దరూ ఒకే బస్సులో దిగారు.
కొండ మీంచి ఉన్నది ఒక్కటే బస్సు.
వాన. గొడుగు గ్వాల్తెర్‌ది,
దాని కింద ఇద్దరూ, భుజాలు తగలకుండా.

"ఆ కోడి ఏమైంది?" అడిగాను.
"అది పోయి నాలుగేళ్లు," అంది దెయోలిందా.
"ఇప్పుడున్నది తెల్లారకముందే కూస్తుంది, దరిద్రపుది.
దావా ప్రకారం నష్టం నాకే."
గ్వాల్తెర్ గొడుగు దులుపుతూ అటు తిరిగాడు.
నవ్వుతున్నాడో లేదో తెలీదు.

కొత్త జడ్జి చిన్నపిల్ల.
కట్ట తిరగేసి నా వంక చూసింది:
"ఆ రోజు ఊట దగ్గరికి వెళ్లినవాళ్లలో
ఈ కోర్టులో ఎవరున్నారు?"
బంట్రోతు నన్ను చూపించాడు.
నేను గుమాస్తాని, సాక్షిని కాను.
సూది వంక చూస్తూ ఊరుకున్నాను.

వచ్చే గురువారం కొండెక్కుతున్నాం.
రబ్బరు బూట్లు వేసుకు రమ్మని చెప్పాను.
ఈసారి ఆమె చెయ్యి ముంచి
చల్లగా ఉందంటే
రాస్తాను.
కుడతాను.