పద్నాలుగు వోల్టుల దగ్గర

చిలోయె దీవిలో వాన ఆగలేదు,
సన్నబడిందంతే.
ఆ సందులోనే పడవ మీంచి ఎగరేశాం.

పవర్ మాడ్యూల్‌కి టంకం పెట్టింది నేనే,
వంటగదిలో, తరిగిన ఉల్లిపాయల పక్కన,
కళ్ళ నీళ్ళు దేనివో తెలియకుండా.
మల్టీమీటర్ ఒక చేత్తో పట్టుకుని
దశాంశం తర్వాత అంకె దాకా దిద్దాను.
అబద్ధం ఆడని బ్యాటరీ లేదంటాడు అన్న ఓనోఫ్రే.
దాని చేత నిజం కక్కించడం నా పంతం.

ఆల్చిప్పలు పెంచే తెప్పలు దాటింది.
తెర మీద అంకెలు దిగుతున్నాయి.
పదిహేనున్నర. పదిహేను.
గాలికి ఎదురు తిరిగినప్పుడల్లా
ఆంపియర్లు ఎగదన్నుతున్నాయి.
పద్నాలుగు దగ్గర
ఎవరూ పిలవకుండానే వెనక్కి మళ్ళింది.
చూశావా, అన్నాను.
ఓనోఫ్రే మాతే గొట్టాన్ని నోట్లోంచి తీసి నవ్వాడు.

వచ్చింది. సరిగ్గానే వచ్చింది,
మోటార్లు మేలుకున్న చోటికి,
ఉపగ్రహాల సాక్షిగా
ఇల్లని రాసుకున్న చోటికి.

మేమక్కడ లేం.
పోటు మా పడవని మూడొందల గజాలు
మాటల్లో పెట్టి ఈడ్చుకొచ్చింది.
లంగరు వాడు వేశాడని నేను,
నేను వేశానని వాడు.

అక్కడ, ఉత్త నీళ్ళ మీద,
తొందరేం లేకుండా దిగుతోంది అది,
ఎవరో పీట వేసి ఉంచినట్టు.

పదమూడు పాయింట్ ఆరు, అంది తెర.
పదమూడు పాయింట్ ఆరు.
అదీ నిజమే.
తర్వాత అంకె ఉండాల్సిన చోట
చిన్న గీత.

ఓనోఫ్రే ఇంజను తాడు
ఇంకా లాగుతూనే ఉన్నాడు.